కంది చేలో మిలిటరాయన

పోయిన నెలలో మా వీధి మలుపులో ఉన్న బడి వాళ్లు నన్ను బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని. బొమ్మల గురించి నాకేం తెలుసు? ఆ మాటే చెప్పాను. "పర్వాలేదు మేడం, పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే బాగుంటుంది" అంది పిలవడానికి వచ్చిన టీచరమ్మ.

యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలుచుకుంటూ పిల్లలు బొమ్మలు వేశారు, కవితలు రాశారు. వాటిని పొడుగాటి బల్లల మీద పరిచారు. ఒక కొండ, కొండ మీద జెండా, జెండా పక్కన తుపాకీ పట్టుకున్న మనిషి. అన్నీ ఇంచుమించు ఒకటే. ఫోనులో చూసి వేశామని పిల్లలే చెప్పారు. మనిషికి మొహం ఉన్న బొమ్మలు తక్కువ. టోపీ కింద ఒక గుండ్రం, ఆ గుండ్రంలో మీసం.

బాగున్నాయని చెప్పి, పేర్లు రాసిచ్చి, వాళ్లిచ్చిన టీ తాగి ఇంటికొచ్చాను. అన్నం వార్చుతూ ఉంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మేమూ ఇలాంటి పనే చేశాం. మా బొమ్మలో మనిషికి మొహం ఉండింది. దాని చుట్టూ పెద్ద గొడవ కూడా జరిగింది.

అప్పుడు మేము మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉండేవాళ్లం. ఆ వీధిలో గోడలకు, చెట్ల ఆకులకు, మనుషుల తలలకు ఒకటే రంగు. బండను చీల్చి, కోసి, రుద్దేటప్పుడు లేచే దుమ్ము అన్నిటి మీదా పడేది. మా నాయన పలకలకు కొయ్య చట్రాలు బిగించేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమలు తెల్లగా ముసలివాడిలా ఉండేవాడు. నీళ్లు పోసుకున్నాక మళ్లీ మా నాయన అయ్యేవాడు. తడిసిన బండ వాసన, కొత్తగా కోసిన కొయ్య వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ తొలకరి పడ్డప్పుడు నాకు మట్టి వాసన కంటే ముందు ఆ వాసనే తగులుతుంది.

పిల్లలకు విరిగిన పలక ముక్కలే ఆట వస్తువులు. బలపాలు రాయడానికి కొంత, తినడానికి కొంత. బలపం కొరికితే నాలుక మీద చల్లగా, కొంచెం చప్పగా ఉండేది. మా అమ్మ నోరు తెరిపించి చూసి వీపు మీద ఒకటి వేసేది. అయినా మానలేదు.

ఆ ఏడు చలికాలంలో యుద్ధం వచ్చింది. కందికాయలు ముదిరే రోజులు. పొద్దున సజ్జ రొట్టె, నువ్వుల పొడి. సాయంత్రం కుండలో ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు. ఊరి చివర చేలో కాయలు దొంగతనంగా కోసుకొచ్చి, లంగాల్లో పోసుకుని, ఫ్యాక్టరీ గోడ వెనక కూర్చుని ఒలుచుకు తినేవాళ్లం. మా ఇంట్లో ఉడికిన కాయల కంటే అవే రుచిగా ఉండేవి.

టీ దుకాణంలో రేడియో ఉండేది. వార్తల వేళకు ఫ్యాక్టరీ మగవాళ్లు దాని చుట్టూ నిలబడేవాళ్లు. మేము వాళ్ల కాళ్ల మధ్య నుంచి దూరి వినేవాళ్లం. ఊళ్ల పేర్లు ఏవీ తెలియవు. ఎదురింటి ముసలమ్మ ఒకరోజు మా నాయనను అడిగింది, "ఏమబ్బాయ్, ఆ యుద్ధం బొగదకు ఈతలనా, ఆతలనా?" అని. బొగద అంటే గిద్దలూరు దాటినాక నల్లమలలో రైలు దూరే సొరంగం. ఆమె ఎరిగిన లోకం అంతవరకే. "చానా ఆతల అవ్వా" అన్నాడు నాయన. "అయితే మనకేం భయం లేదులే" అని లోపలికి వెళ్లి పడుకుంది.

భయం ఉన్నది ఒక్క ఇంట్లోనే. మా వీధి చివరింటి ఆయన మిలిటరీలో ఉండేవాడు. ఊరంతా మిలిటరాయన అనేవాళ్లు, నాకు వరసకు చిన్నాయన. ఆ ఇంట్లో ఆయన తల్లి, ఆయన భార్య, ఒక కూతురు ఉండేవాళ్లు. తల్లిని మేమంతా అవ్వా అని పిలిచేవాళ్లం. భార్య నాకు చిన్నమ్మ. ఫ్యాక్టరీలో పలకల మీద గీతలు గీసే పని చేసేది. కూతురు నా స్నేహితురాలు, ఆరో తరగతిలో నా పక్కన కూర్చునేది. మాకు తిండి, ఆట, తన్నులు అన్నీ ఒక్కటిగానే జరిగేవి.

చిన్నాయన ముందటి ఎండాకాలం సెలవు మీద వచ్చాడు. నల్ల రేకు పెట్టె భుజాన పెట్టుకుని స్టేషను నుంచి నడిచే వచ్చాడు. గట్టి బిస్కత్తులు తెచ్చాడు. వాటిని పలక చట్రం అంచుకు కొట్టి విరిచి వీధి పిల్లలందరికీ పంచాడు. ముందు పళ్ల మధ్య సందు ఉండేది. నవ్వితే అదే ముందు కనిపించేది. మమ్మల్ని వరసలో నిలబెట్టి కవాతు నేర్పాడు. ఎవరూ ఒక కాలు సరిగా వేసేవాళ్లు కాదు. "మిమ్మల్ని పంపిస్తే శత్రువులు నవ్వలేక చస్తారబ్బా" అన్నాడు. ఉన్నన్ని రోజులూ ఇంటి పైకప్పు బాగుచేసుకున్నాడు. మిలిటరీలో తుపాకీ పేలుస్తావా అని అడిగితే, "లారీ తోల్తా. లారీ బురదలో దిగబడితే నెడతా" అన్నాడు. మాకు కొంచెం నిరాశగా అనిపించింది.

యుద్ధం ఎంతో కాలం జరగలేదు. గెలిచామని రేడియోలో చెప్పిన రోజు టీ దుకాణం ఆయన అందరికీ బెల్లం ముక్కలు పంచాడు. ఆ తర్వాత కొద్ది రోజులకు చివరింటికి టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. చదివే వాళ్లు వీధిలో లేరు. మా బడి తెలుగు సారు అప్పుడే ఆ దారిన వెళ్తుంటే పోస్ట్‌మన్ ఆయన్ను ఆపాడు.

తెలుగు సారు ఒంగోలు వైపు మనిషి. మెత్తగా మాట్లాడేవాడు. టెలిగ్రాం రెండుసార్లు చదువుకున్నాడు.

"జాడ తెలియలేదని ఉందమ్మా" అన్నాడు.

చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల నిండా పలకల పొడి. "జాడ తెలీలేదంటే?"

"ఎక్కడున్నాడో ఇంకా తెలియలేదని. వెతుకుతున్నారట."

"తెలిసినాక చెప్తారా?"

"చెప్తారమ్మా."

"సరే" అని ఆమె లోపలికి వెళ్లి చేతులు కడుక్కుంది. అవ్వ అరుగు మీద కందికాయలు ఒలుస్తూ ఉంది. చేట తీసి పక్కన పెట్టింది. మేము నిలబడి చూస్తున్నాం. కాసేపటికి కొంగు తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది. అప్పుడే ఆమె ఏడ్చేసిందని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఆ తర్వాత వీధి ఆడవాళ్లు చిన్నమ్మతో మాట్లాడేటప్పుడు మొహం చూసేవాళ్లు కాదు, నుదురు చూసేవాళ్లు. ఆమె రోజూ మాదిరే రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని పనికి వచ్చేది. బావి దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. యుద్ధమైపోయి ఇన్నాళ్లయింది, బతికుంటే ఒక ముక్క రాయడా అనేవాళ్లు కొందరు. ఎట్లనో చెప్పి ఆ బొట్టు తీపిచ్చండి, తప్పు గదా అనేవాళ్లు ఇంకొందరు. మా అమ్మ మాత్రం బిందె నింపుకుని వచ్చేసేది.

జెండా పండగ దగ్గరకొచ్చింది. ఆ సారి యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకోవాలని హెడ్‌మాస్టరు నిర్ణయించాడు. పైనుంచి చెప్పారో, ఆయనకే తోచిందో తెలియదు. పిల్లలు పాటలు రాయాలి, బొమ్మ వేయాలి. తాసిల్దారు వస్తాడు. "మన వీధి మనిషే ఉన్నాడు. ఇంకెక్కడో వెతకడం ఎందుకు?" అన్నాడు. హెడ్‌మాస్టరు చెడ్డవాడు కాదు. ఏ పని మొదలుపెట్టినా ఘనంగా జరగాలని ఆయన కోరిక. మిలిటరాయన చనిపోయాడన్నది ఆయన దృష్టిలో తేలిపోయిన విషయం.

పాట రాయమంటే అందరం ఒకటే రాశాం. సింహంలా గర్జించాడు, పులిలా దూకాడు, శత్రువుల గుండెలు చీల్చాడు. తెలుగు సారు పలకలన్నీ చూసి పక్కన పెట్టాడు. "మీకు తెలిసిన మనిషే కదా. ఆయన ఎప్పుడైనా గర్జించాడా?" అని అడిగాడు. లేదన్నాం. "మరి ఏం చేశాడో అదే రాయండి" అన్నాడు. నాది నచ్చింది. నాకు ఇప్పటికీ గుర్తుంది, చిన్న పాటే.

మా వీధి చివరింటి చిన్నాయన
మాకు కవాతు నేర్పిన చిన్నాయన
బిస్కత్తు విరిచి పంచిన చిన్నాయన
పెట్టె భుజానెత్తి పోయినాడు.

చివరన ఇంకొక్క మాట ఉంటే బాగుంటుందని హెడ్‌మాస్టరు "మమ్మల్ని విడిచి పోయినాడు" అని చేర్పించాడు. నేను బట్టీ పట్టాను.

బొమ్మ పని డ్రాయింగు సారుది. ఆయన బజారులో దుకాణాలకు బోర్డులు రాసేవాడు, మధ్యాహ్నాలు బడికి వచ్చేవాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పిల్లలందరినీ బేటా అనేవాడు. మా నాయన పలక చట్రాల కొయ్యతో పెద్ద చట్రం చేసిచ్చాడు. దాని మీద తెల్లగుడ్డ బిగించి, సుద్ద, జిగురు కలిపి పూశాం. బడి వెనక గదిలో రంగు పొడులు, జిగురు, పాత గోనె సంచుల వాసన. సారు గీత గీస్తే మేము లోపల రంగు నింపేవాళ్లం. మోచేతుల దాకా రంగు పూసుకుని ఇంటికి వెళ్లేవాళ్లం.

మొహం కోసం ఒక్క ఫొటో దొరికింది. పెళ్లప్పుడు తీయించుకున్నది. అవ్వ ఇచ్చింది. అందులో చిన్నాయన ఊపిరి బిగబట్టినట్టు నిలబడి ఉన్నాడు. సారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూసి, నా స్నేహితురాలిని పిలిచాడు.

"మీ అబ్బా ఇట్లనే ఉంటాడా బేటా?"

"ఊహూఁ. మా నాయన ఇట్ల మూతి బిగించడు. నవ్వుతాడు. ఈడ సందుంటాది" అని తన పళ్ల మీద వేలు పెట్టి చూపించింది.

సారు నవ్వే మొహం వేశాడు. నా స్నేహితురాలు పక్కనే కూర్చుని, ముక్కు ఇంకా లావు, చెవి ఇంకా కిందికి అని చెబుతూ ఉంది. దానికి సంతోషంగా ఉంది. నాయన సెలవు మీద వచ్చినట్టే ఉందన్నది నాతో. హెడ్‌మాస్టరు వచ్చి చూసి, "వీరుడు పళ్లికిలిస్తాడా అయ్యా?" అన్నాడు. "ఈయన ఇకిలిస్తాడంట సార్, ఆయన బిడ్డే చెప్పింది" అన్నాడు డ్రాయింగు సారు. హెడ్‌మాస్టరు గొణుక్కుని, సరే గానీ మెడలో బంతిపూల దండ వేయండి, కాళ్ల దగ్గర దీపం పెట్టండి అని చెప్పి పోయాడు. దండలో పూలన్నీ మేమే దిద్దాం. పసుపు రంగు అయిపోయేదాకా దిద్దాం.

మరుసటి రోజు చిన్నమ్మ బడికి వచ్చింది. నాయన బొమ్మ వేస్తున్నారు, వచ్చి చూడమని కూతురు పోరు పెట్టిందట. పని మధ్యలో వచ్చింది, చేతుల పొడి కొంగుకు తుడుచుకుంటూ. ఆ వేళ గదిలో నా చేత పాట చదివిస్తున్నారు. తెలుగు సారు, డ్రాయింగు సారు, పిల్లలు ఉన్నారు. ఆమె వాకిట్లోనే నిలబడి బొమ్మ చూసింది. మొహం చూసినప్పుడు ఆమె పెదవులు కదిలాయి, నవ్వబోయినట్టు. తర్వాత చూపు మెడ మీదికి దిగింది.

"ఈ దండ ఎవరు ఎయ్యమన్యారు?"

డ్రాయింగు సారు కుంచె కింద పెట్టాడు.

ఆమె నా వైపు తిరిగింది. "పాపా, ఏందో సదువుతాండావే. మళ్లా సదువు."

నేను చదివాను. మమ్మల్ని విడిచి పోయినాడు దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే తగ్గింది.

"పోయినాడంటే? యాడికి పోయినాడు?"

మాకు ఆ మాట రెండిటికీ ఒకటే కదా. ఊరికి పోయినా పోయినాడే, చచ్చిపోయినా పోయినాడే. "యుద్ధానికి పోయినాడు చిన్నమ్మా" అన్నాను.

"అవును. యుద్ధానికి పోయినాడు" అంది ఆమె. తెలుగు సారు వైపు తిరిగింది. "ఆ పొద్దు తంతి మీరే సదివినారు గదా సారూ. జాడ తెలీదన్యారు. సర్కారోళ్లకు తెలీంది మీ బడికెట్ల తెలిసింది?"

అరవలేదు. పక్కింటి వాళ్లను చిన్న సందేహం అడిగినట్టు అడిగింది. కూతురి చేయి పట్టుకుని వెళ్లిపోయింది. నా స్నేహితురాలు వెనక్కి తిరిగి తిరిగి బొమ్మను చూసింది. దండంటే ఏమిటో దానికి అప్పుడే తెలిసిందనుకుంటాను.

హెడ్‌మాస్టరు విని విసుక్కున్నాడు. తాసిల్దారుకు చెప్పేశాం, ఇప్పుడు ఆపితే ఎట్లా అన్నాడు. ఆ సాయంత్రం తెలుగు సారు వాళ్లింటికి బయలుదేరాడు. పాట నాది కాబట్టి నన్నూ రమ్మన్నాడు. మా అమ్మ కూడా వచ్చింది.

అవ్వ అరుగు మీద ఉంది. చిన్నమ్మ పొయ్యి దగ్గర రొట్టె తడుతూ ఉంది. సారు విషయం చెప్పకముందే అవ్వ అందుకుంది.

"జరిపించండి సారూ. నా కొడుకు పేరు పదిమందిలో ఒక్కసారన్నా ఇనాల నేను. రేపో మాపో పోయేదాన్ని. కన్నదాన్ని, నాకు తెలీదా? వాడు లేడు."

లోపల రొట్టె చప్పుడు ఆగింది. చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అత్తా, ఆ మాట అనొద్దు."

"ఎన్నాళ్లు అనకుండా ఉండేది? నా కడుపు కాలుతాండాది. ఏడ్చేదానికి గూడా నువ్వు ఇడవ్వు. నేను ఏడిస్తే నీ మొగుడు చచ్చిపోతాడా?"

"ఏడువు అత్తా, నేనొద్దన్యానా? దండ ఎయ్యొద్దంటాండా. ఆ దండ ఏసి, దీపం పెట్టి, తాసిల్దారు దండం పెట్టి పోతే, రేప్పొద్దున మన ఈదంతా వచ్చి నా గాజులు పగలగొడతాది. ఆయన రేపు దిగి వస్తే నేను ఏ మొగం పెట్టుకోని తలుపు తియ్యాల?"

పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. మా అమ్మ లేచి వెళ్లి దించింది. తెలుగు సారుకు పెళ్లి కాలేదు, చిన్నవాడు. చివరికి, "దండ తీసేయిస్తాను. దీపం కూడా. పేరు మాత్రం చెబుతాం, బొమ్మ పెడతాం. అమ్మా, పాటలో ఆ మాట బదులు ఏం రాయమంటారు?" అని అడిగాడు.

చిన్నమ్మను అంతకుముందు ఎవరూ ఏం రాయాలని అడిగి ఉండరు. పిండి చేతులు దులుపుకుంది.

"వస్తాడని రాయొద్దులే. అది నాకూ తెలీదు. ఎప్పుడొచ్చేది చెప్పి పోలేదని రాయండి. అదొక్కటే నిజం."

నేను అక్కడే పలక మీద రాసుకున్నాను.

దండ తీసేయడం మాట సులువే గాని, రంగు ఎండిపోయింది. పసుపు మీద ఏది పూసినా మాసినట్టు కనిపిస్తోంది. డ్రాయింగు సారు బీడీ వెలిగించి చాలాసేపు చూశాడు. "ఈ పొలాల్లో ఇప్పుడు పసుపచ్చగా ఏముంటాది బేటా?" అని అడిగాడు. "కంది పూలు" అన్నాం అందరం ఒకేసారి. మా కంటే బాగా కంది చేలు తెలిసిన వాళ్లు ఊళ్లో లేరు. బంతిపూల మధ్య ఆకుపచ్చ కొమ్మలు లేపాం. దండ తెగి కొమ్మలైంది. దీపం మీద మొక్కలు మొలిచాయి. చిన్నాయన భుజాల దాకా పూసిన కంది చేలో, మిలిటరీ బట్టలతో, పళ్లు కనిపించేలా నవ్వుతూ నిలబడ్డాడు. కాయలు కూడా పెడదామన్నాం. సారు అక్కడక్కడా పెట్టనిచ్చాడు.

జెండా పండగ రోజు బడి ముందు సున్నం గీతలు గీసి, కాగితం జెండాలు కట్టారు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుంది. చిన్నమ్మ వెనక, ఆడవాళ్ల గుంపులో నిలబడింది. గుంపు ఆమెకు కొంచెం ఎడంగా ఉంది. మా అమ్మ ఒక్కతే పక్కన ఉంది.

తాసిల్దారు బొమ్మ చూసి, "జవాను కంది చేలో ఉన్నాడేమిటి?" అని అడిగాడు. "జవానూ రైతూ ఒకటేనని చెప్పడానికండీ" అన్నాడు హెడ్‌మాస్టరు తడుముకోకుండా. ఆయన మీద నాకు ఆ క్షణంలో గౌరవం కలిగింది.

చిన్నాయన పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, తెలుగు సారు గట్టిగా చదివాడు. అవ్వ తల వంచుకుని విన్నది. నేను పాట చదివాను. "ఎప్పుడొచ్చేది చెప్పి పోలేదు" అన్నాక చప్పట్లు కొట్టాలా వద్దా అని ఎవరికీ తెలియలేదు. అంతా బాగానే అయిపోయిందనుకున్నాం.

అప్పుడు తాసిల్దారు వెనక్కి చేయి చాచాడు. ఆయన బంట్రోతు సంచిలోంచి పెద్ద బంతిపూల దండ తీసి ఇచ్చాడు. అధికారులు తమ అలవాటు ప్రకారం దండ వాళ్లే తెచ్చుకున్నారు. ఆ విషయం మాలో ఎవరికీ తోచలేదు. ఆయన దండ పట్టుకుని బొమ్మ వైపు నడిచాడు. తెలుగు సారు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తాసిల్దారు చేయి పట్టుకుని ఆపే మనిషి అక్కడ ఎవరున్నారు? నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె కదలలేదు. రెండు చేతుల గాజులనూ కొంగులో దాచుకుంది.

అవ్వ లేచింది. కర్ర కూడా తీసుకోలేదు. నాలుగు అడుగులు వేసి తాసిల్దారుకూ బొమ్మకూ మధ్యన నిలబడి చేతులు చాచింది.

"ఇట్ల ఇయ్యి నాయనా."

"మీరే వేస్తారా అమ్మా?" అన్నాడు ఆయన.

"ఆఁ, నేనే ఏస్తా. వాడొచ్చినాక ఏస్తా."

దండ తీసుకుని, కుర్చీలో కూర్చుని, ఒళ్లో పెట్టుకుంది. తాసిల్దారుకు ఏమీ అర్థం కాలేదు. బొమ్మకు దండం పెట్టి పక్కకు జరిగాడు. పిల్లలకు బొరుగులు, బెల్లం పంచారు. నా స్నేహితురాలు తన వాటా కూడా నాకే ఇచ్చింది.

ఆ రోజు తర్వాత అవ్వ కొడుకు లేడన్న మాట ఎప్పుడూ అనలేదు. ఎవరైనా బావి దగ్గర కోడలి బొట్టు గురించి నోరెత్తితే, "నా కొడుకు సంగతి నాకు తెలుసు, మీరు నీళ్లు చేదుకోండి" అనేది. లోపల ఆమెకు ఏం తెలుసో అదే తెలుసు. కోడలికి అది చెప్పడం మాత్రం మానేసింది. ఆమె ఎదుట ఏడ్చేది కూడా కాదు. మా ఇంటికి వచ్చి, మా అమ్మ దగ్గర కూర్చుని, అప్పుడప్పుడు ఏడ్చి వెళ్లేది.

కొన్నాళ్లకు అవతలి దేశంలో పట్టుబడిన మనవాళ్లను వదిలారని రేడియోలో చెప్పారు. చిన్నమ్మ రైలు వేళకు స్టేషనుకు వెళ్లేది. కొన్నిసార్లు మేమిద్దరం వెంట వెళ్లాం. ప్లాట్‌ఫారం మీద బుట్టల్లో సీతాఫలాలు, సోడా సీసాల చప్పుడు. రైలు వెళ్లిపోయేదాకా ఆమె నిలబడేది. తర్వాత మాకు తలా ఒక పండు కొనిచ్చి నడిపించుకుని వచ్చేది. ఒకరోజు వెళ్లడం మానేసింది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటికి అవ్వ పోయింది.

చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వం ఆయన్ను చనిపోయినవాళ్లలో కలిపింది. ఎక్కడో రాయి మీద పేరు చెక్కారని కబురు వచ్చింది. "చెక్కుకోనీలే" అంది చిన్నమ్మ. చూడటానికి వెళ్లలేదు. బొట్టు తీయలేదు. అప్పటికి వీధిలో దాని గురించి అడిగే వాళ్లు కూడా పోయారు. పిల్లలు పలకలు వదిలి పుస్తకాలు పట్టారు. ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. వీధికి అసలు రంగులు బయటపడ్డాయి. మా ఎదురిల్లు పచ్చ రంగని నేను నడివయసులో తెలుసుకున్నాను.

మా బొమ్మ బడి గదిలో కొన్నేళ్లు ఉండి చెదలు పట్టిపోయింది. నా స్నేహితురాలికి పొదిలిలో సంబంధం కుదిరింది, అక్కడే బట్టల దుకాణం పెట్టుకున్నారు. దానికి ఇప్పుడు నాయన అంటే ఆ బొమ్మలోని మనిషే గుర్తొస్తాడట. అసలు మొహం ఎంత తలుచుకున్నా రాదట. మంచిదో చెడ్డదో మేమిద్దరం తేల్చుకోలేకపోయాం.

చిన్నమ్మ మూడేళ్ల కిందట పోయింది. పొదిలి నుంచి కూతురు వచ్చేదాకా ఎత్తకుండా ఉంచారు. నీళ్లు పోయించినాక ఆడవాళ్లు ఆగిపోయారు. పసుపు, కుంకుమ పళ్లెం పక్కనే ఉంది. పెట్టాలా, వద్దా? సర్కారు లెక్కలో ఈమె మొగుడు పోయి ఎన్నో ఏళ్లయింది గదా అంది ఒకామె. ముత్తైదువ మాదిరి సాగనంపితే అరిష్టమంటారేమో అంది ఇంకొకామె. పెద్దదాన్నని నా వైపు చూశారు.

నా స్నేహితురాలు పళ్లెం ముందుకు లాక్కుంది. "మాయమ్మను అడిగినారా ఎవురన్నా, ఎట్ల బతకాలనుకుంటాండావని? ఆమె బతికినట్లే పంపాల" అంది. వేలితో కుంకుమ అద్ది, తల్లి నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టింది. గుండ్రంగా రాలేదు. కొంగు చివరతో తుడిచి మళ్లీ పెట్టింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

అంతా అయిపోయి మేము వెనక్కి వచ్చేసరికి బడి వదిలారు. సంచులు మోసుకుంటూ పిల్లలు ఎదురొచ్చారు. ఎవరు చనిపోయారని ఒక పిల్ల అడిగింది. మిలిటరాయన భార్య అని చెప్పాను. "మిలిటరాయనెవరు?" అంది. నేను, నా స్నేహితురాలు మొహాలు చూసుకున్నాం. ఆ వీధిలో ఆయన్ను ఎరిగినవాళ్లం మేమిద్దరమే మిగిలాం. ఆ పిల్లను నిలబెట్టి తెలిసినంత చెప్పాను. శ్రద్ధగానే విన్నది. తర్వాత మిగతా పిల్లలు పిలుస్తుంటే పరుగెత్తింది.